‘స్వోర్డ్ అండ్ సోర్సరీ’కి తెలుగు మాట ఏది? ఏ మాటతో వెతికితే కథ దొరుకుతది?

కరీంనగర్ నుంచి:
ఒక్క మాట కోసం అడుగుతున్న. ఇంగ్లీషుల ‘స్వోర్డ్ అండ్ సోర్సరీ’ అనే కథల జాతి ఉన్నది. ఒక్కడో ఇద్దరో దేశదిమ్మరులు, చేతుల కత్తి, ఎదురుంగ మాంత్రికుడో పాడుబడ్డ గుడిల రాకాసో. లోకాన్ని కాపాడుడు ఉండదు, ఆ రాత్రి పాణం దక్కించుకునుడే కథ. దీన్ని తెలుగుల ఏమని అడగాలె? ‘జానపద నవల’ అంటే లైబ్రరీల ఒగ్గు కథల పుస్తకం చేతిల పెడ్తున్నరు. ‘క్షుద్ర’ అంటే చేతబడి నవలలు వస్తున్నయి. ‘ఫాంటసీ’ అంటే బడి పిల్లల మాయదండం కథలు. సరైన మాట చెప్పుండ్రి, దాంతోపాటు కొత్త కథలు ఎట్ల వెతకాల్నో గూడ చెప్పుండ్రి.

హనుమకొండ నుంచి:
తమ్మీ, లైబ్రరీవాళ్ల తప్పేం లేదు. ‘జానపద’ అనే మాటే రెండు దారులు పట్టింది. జనపదం అంటే జనం నివసించే ప్రాంతం. దానికి సంబంధించింది జానపదం. మొదటి అచ్చు దీర్ఘమైంది, అంతే. చదువుకున్నవాళ్ల దారిలో అది పల్లె పాట, పల్లె కథ, పల్లె ఆట. ఆ దారి వేసినవారిలో ముందువరసలో ఉన్న బిరుదురాజు రామరాజు గారిది మన దేవనూరే. ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ ఆయన సిద్ధాంత గ్రంథం. తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం కూడా వరంగల్‌లోనే ఉంది. అందుకే మన దిక్కు జానపదం అనగానే డప్పు, ఒగ్గు, శారద, చిందు గుర్తుకొస్తాయి.

రెండో దారి సినిమావాళ్లది. వాళ్లు సినిమాలను పౌరాణికం, చారిత్రకం, సాంఘికం, జానపదం అని విడదీశారు. ఇందులో జానపదం మిగులు గంప లాంటిది. రాజు ఉంటాడు గానీ ఏ పురాణంలోనూ దొరకడు, ఏ శాసనంలోనూ కనపడడు. అలాంటి కథంతా ఆ గంపలోకే పోయింది. కత్తియుద్ధం, మాంత్రికుడు, ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం, అన్నీ అందులోవే. నవలలు అచ్చేసినవాళ్లు ఆ సినిమా మాటనే అట్ట మీద వేసుకున్నారు.

కాబట్టి లైబ్రరీలో విషయం పేరుతో కాకుండా అర పేరుతో అడగండి. పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలు వేసే డ్యూయీ పద్ధతి వాడే చోట 398.2 అంటే జానపద కథల అర, అది మీకు కావలసింది కాదు. తెలుగు సాహిత్యం 894.827, దాని చివర 3 ఉంటే కథ, నవల. మీ పుస్తకం ఉంటే అక్కడే ఉంటుంది, లేదా పిల్లల విభాగంలో. రెండోదాన్ని చాలామంది చూడకుండానే వచ్చేస్తారు.

జనగామ నుంచి:
కొత్త మాట ఎందుకు, ఉన్నదే వాడుకుందాం. ‘సాముగరిడీలు’ అంటం కద. సాము అంటే కత్తి, గారడి అంటే మాయ. ‘స్వోర్డ్ అండ్ సోర్సరీ’కి అచ్చు గుద్దినట్టు సరిపోతది.

వరంగల్ నుంచి:
వినడానికి చాలా బాగుంది అన్నా, కానీ అవి రెండు వేరు మాటలు. ‘గరిడి’ అంటే సాము నేర్పే చోటు. కన్నడంలో వ్యాయామశాలను ఇప్పటికీ గరడి అంటారు. సాముగరిడీలు అంటే కసరత్తూ కత్తిసామూ కర్రసామూ, అందులో మాయ లేదు. ‘గారడి’ గారుడం నుంచి వచ్చింది. పాము విషం దించే గరుడ మంత్రం గారుడం. అది క్రమంగా కనికట్టుకూ వీధి విద్యకూ పేరైంది. ఒక్క దీర్ఘం జరిగితే అర్థం మారిపోతుంది.

అయినా గారడికి ఒక గుణం ఉంది. ఇంగ్లీషు పేరులో రెండు మాటలూ ‘స’కారంతో మొదలవుతాయి, అందుకే నోటికి పట్టుకుంది. మనకు అలాంటి చోట యతి ఉంది. ‘కత్తి’, ‘గారడి’: క, గ ఒకే వర్గం, అ, ఆ చెల్లుతాయి. అంటే యతి కుదిరింది. కుదరనిది బరువు. గారడి అనగానే సంతలో బుట్ట కింది మామిడి మొక్క కనిపిస్తుంది. ఈ కథల్లో మాంత్రికుడు అలాంటివాడు కాడు.

కాజీపేట నుంచి:
బరువు మాట ఎత్తారు కాబట్టి ఇంగ్లీషు పేరు పుట్టిన తీరు చెప్పుకోవాలి. 1961లో రచయిత మైకేల్ మూర్‌కాక్ ఈ కథలకు ఒక పేరు కావాలని అభిమానుల పత్రికలో అడిగి, తనవైపు నుంచి ‘ఎపిక్ ఫాంటసీ’ అన్నాడు. ఈ కథలే రాసే ఫ్రిట్జ్ లైబర్ జవాబుగా ‘స్వోర్డ్ అండ్ సోర్సరీ’ అన్నాడు. అప్పటికే చారిత్రక సాహస కథలకు ‘క్లోక్ అండ్ స్వోర్డ్’, గూఢచారి కథలకు ‘క్లోక్ అండ్ డాగర్’ అనే పేర్లు ఉన్నాయి. వాటి పక్కన నిలబడేలా, వాటి నుంచి విడిగా కనపడేలా కట్టిన పేరు ఇది. పేరు 1961ది, కథలు అంతకన్నా పాతవి. రాబర్ట్ ఇ. హోవర్డ్ రాసి 1929 ఆగస్టు ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో వచ్చిన కథను చాలామంది ఈ జాతికి మొదటిదిగా లెక్కిస్తారు.

ఇక ‘సోర్సరీ’. ఇక్కడ మంత్రం వీరుడికి చుట్టం కాదు. అది మనిషిని తినేస్తుంది, ముట్టుకున్నవాడు ఏదో ఒకటి పోగొట్టుకుంటాడు. తెలుగులో ‘మంత్రం’ అంటే సంధ్యావందనమూ అవుతుంది, తేలు మంత్రమూ అవుతుంది. మంచీ చెడూ రెంటికీ ఒకే మాట. పైగా మంత్రాలకు చింతకాయలు రాలవని సామెత ఉండనే ఉంది. అర్థానికి ‘క్షుద్రం’ దగ్గర, కానీ 1980ల వారపత్రికల సీరియళ్లు ఆ మాటను పట్నంలోని చేతబడి నవలలకు రాసిచ్చేశాయి. మన బాణామతి కూడా ఊరి భయానికి పేరు, కోటలోని మాంత్రికుడికి అతకదు. నా లెక్కన సరైనది ‘మాయ’. మాయల ఫకీరును ఎవరూ దేవుడి మనిషి అనుకోరు. మాయ అంటే మోసమూ ఉంది, శక్తీ ఉంది, భయమూ ఉంది.

జనగామ నుంచి:
మాయ అంటే వేదాంతం కాదా సార్? ‘ఈ జగమంతా మాయ’ అనే మాయ?

కాజీపేట నుంచి:
ఒంటరిగా ఉంటే వేదాంతమే. పక్కన కత్తి పెడితే వేదాంతం వెనక్కి పోతుంది.

వరంగల్ నుంచి:
ఎలా పెడతామన్నదే అసలు చిక్కు. ‘కత్తిమాయ’ అని అతికిస్తే కత్తి చేసే మాయ అవుతుంది, షష్ఠీ తత్పురుషం. ‘కత్తిమంత్రం’ అంటే ఆయుధపూజ నాడు చదివేది. ‘ఖడ్గమాంత్రిక కథ’ అంటే కత్తి పట్టిన మాంత్రికుడి కథ. ద్వంద్వం చేసి బహువచనం పెట్టి ‘కత్తిమాయలు’ అన్నా అనుమానం తీరదు. తల్లిదండ్రులు అన్నప్పుడు పొరపాటు పడరు, ఇక్కడ పడతారు. తెలుగుకు దీనికి సొంత దారి ఉంది: ఊరూ వాడా, రాయీ రప్పా, చెట్టూ చేమా. రెండు మాటల చివరా దీర్ఘం ఇస్తే రెండూ సమానంగా నిలబడతాయి. ‘కత్తీ మాయా కథలు’. యతి లేదు, అయినా నడక ఉంది. ఖడ్గం, కరవాలం లాంటి మాటలు పేరులో వద్దు, కథలో వాడుకోవచ్చు. పేరుకు రెండక్షరాల మాట చాలు.

కరీంనగర్ నుంచి:
‘కత్తీ మాయా’ మంచిగున్నది. అయితే అది రేపటి మాట, వెతుకులాట ఇయ్యాల్టిది. ఆ పేరుతోని వెతుకుతే ఏమీ రాదు కద?

కాజీపేట నుంచి:
రాదు. తెలుగులో ఈ జాతిని జాతి పేరుతో కాదు, కథలో ఉండే వస్తువుల పేర్లతో వెతకాలి. మాంత్రికుడు, దుర్గం, లోయ, ద్వీపం, శిథిలం, భేతాళుడు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ల పేర్లే చూడండి: 1954 నాటి తోకచుక్కతో మొదలుపెట్టి ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, భల్లూక మాంత్రికుడు. యక్షపర్వతంలో ఇద్దరు వీరులు, ఖడ్గవర్మ, జీవదత్తుడు. ఒకడి పేరులోనే కత్తి, రెండోవాడి చేతిలో మంత్రదండం. లైబర్ కథల్లోనూ ఇద్దరే: ఒకడు భారీ కత్తివీరుడు, ఇంకొకడు చిన్నగా ఉండి, మాంత్రికుడి దగ్గర శిష్యరికం చేసి దొంగైనవాడు. ‘కత్తీ మాయా’ అనేది మనకు లేని సరుకు కాదని చెప్పడానికే ఇదంతా. పేరే లేకపోయింది.

వెతికేటప్పుడు రెండు చోట్ల దెబ్బ తింటారు. ఆ సీరియళ్లు పత్రికలో రచయిత పేరు లేకుండా వచ్చాయి. పాత సంచికల్లో దాసరి పేరు పెట్టి వెతికితే సున్నా. సీరియల్ పేరుతో వెతకాలి, దొరికిన సంచిక నుంచి నెల నెలా వెనక్కి పోవాలి. ఒక్క నెల సంచిక లేకపోయినా కథ తెగుతుంది, కాబట్టి చదవడం మొదలుపెట్టక ముందే అన్ని నెలలూ ఉన్నాయో లేదో చూసుకోండి. రెండోది పాత పుస్తకాల స్కాన్‌ల సంగతి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి వచ్చిన డిజిటల్ లైబ్రరీ పుస్తకాలకు రోమన్ లిపిలో పేర్లు పెట్టారు, దీర్ఘానికి అచ్చును రెండుసార్లు రాశారు. ‘కాశీమజిలీ’ కావాలంటే మామూలు స్పెల్లింగుతో ఒకసారి, దీర్ఘాలన్నీ జోడించి ఇంకోసారి, మాటలు విడగొట్టి మూడోసారి. లోపలి పేజీలు స్కాన్ బొమ్మలు గనక కథలోని మాట పెట్టి వెతికితే చాలాసార్లు పలకవు.

కాశీమజిలీ కథలు మధిర సుబ్బన్న దీక్షితులు గారివి, 12 భాగాలు. గ్రాంథికం నెమ్మదిగా నడుస్తుంది, కానీ యక్షిణులు, సిద్ధులు, గుహలు, మోసాలు కావలసినన్ని. మధ్యలో ఒక మజిలీ పట్టుకుని చదవకండి. ఒక్కో కథ చాలా మజిలీలు సాగుతుంది, ఒకదాని కడుపులో ఇంకొకటి ఉంటుంది. ఇంకా వెనక్కి పోతే 15వ శతాబ్దపు తెలంగాణ కవి కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక, 32 బొమ్మలు చెప్పే విక్రమార్కుడి సాహసాలు. సాహసమూ భేతాళుడూ ఒకే చోట కావాలంటే అంతకన్నా మంచి చోటు నాకు తోచదు.

హనుమకొండ నుంచి:
ఇంగ్లీషు దిక్కు నేను చెప్తాను. మాటను కొటేషన్ గుర్తుల్లో పెట్టండి, ‘అండ్’ అని ఒకసారి, ‘&’ గుర్తుతో ఒకసారి. పెట్టకపోతే వీడియో గేములు కమ్మేస్తాయి. పక్కన ‘షార్ట్ ఫిక్షన్’ అని చేర్చండి. ఈ జాతికి చిన్న కథే సొంత కొలత, మంచి రచయితలు ముందు పత్రికల్లోనే కనిపిస్తారు. ఉచితంగా చదవడానికి ‘హీరోయిక్ ఫాంటసీ క్వార్టర్లీ’ 2009 నుంచి మూడు నెలలకోసారి వస్తోంది, ‘స్వోర్డ్స్ అండ్ సోర్సరీ మ్యాగజైన్’ 2012లో మొదలైంది. ‘న్యూ ఎడ్జ్ స్వోర్డ్ అండ్ సోర్సరీ’ 2022లో సున్నా సంచికతో వచ్చింది. ‘టేల్స్ ఫ్రమ్ ద మెజీషియన్స్ స్కల్’ డబ్బు పెట్టి కొనాలి. ‘బినీత్ సీస్‌లెస్ స్కైస్’ గొప్ప పత్రికే, కానీ అందులో వచ్చేదంతా ఈ జాతి కాదు.

ఒక కథ నచ్చితే ఆ రచయిత పేరు ఐఎస్ఎఫ్‌డీబీలో కొట్టండి, అది ఇలాంటి కథల వివరాలన్నీ ఉండే ఇంటర్నెట్ జాబితా. ప్రతి కథా మొదట ఏ సంచికలో వచ్చిందో అక్కడ ఉంటుంది. ఆ సంచిక తెరిచి పక్క కథలు చదవండి. కొత్తవాళ్లను పట్టుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు, ఎందుకంటే ఆ పక్క కథలను ఎంచింది కూడా అదే సంపాదకుడు.

అమెజాన్ వర్గం పేరు చూసి కొనకండి. వర్గాన్ని ప్రచురించేవాళ్లే ఎంచుకుంటారు, అందుకే ‘స్వోర్డ్ అండ్ సోర్సరీ’ కింద ప్రేమకథలూ పది భాగాల మహాగాథలూ చేరాయి. నమూనా పేజీలు తెరవండి. ముందు పేజీలో పటం, తరవాత వంశవృక్షం, మొదటి అధ్యాయంలో భవిష్యవాణి కనపడితే అది ఎపిక్ ఫాంటసీ. వీరుడు డబ్బు కోసమో ఆకలి కోసమో ఏదో చెయ్యకూడని పనికి ఒప్పుకుంటుంటే మీరు సరైన చోట ఉన్నారు.

జనగామ నుంచి:
ఆడవాళ్లు వీరులుగ ఉన్నయి దొరుకుతయా అక్కా?

హనుమకొండ నుంచి:
మొదటి నుంచీ ఉన్నాయి. సి. ఎల్. మూర్ జిరెల్ కథలు 1934లోనే వచ్చాయి. యూరప్ కోటలతో విసిగితే చార్ల్స్ సాండర్స్ ‘ఇమారో’ చూడండి, 1981, ఆఫ్రికా నేల మీది కథ.

వరంగల్ నుంచి:
ఎవరైనా ఇందులో కొన్ని తెలుగు చేయాలనుకుంటే హక్కుల లెక్క చూసుకోండి. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. హోవర్డ్ 1936లో పోయాడు, బతికుండగా అచ్చయినవి స్వేచ్ఛగా చేసుకోవచ్చు. ‘వియర్డ్ టేల్స్’లోనే రాసిన క్లార్క్ ఆష్టన్ స్మిత్ 1961లో పోయాడు, 2022 నుంచి స్వేచ్ఛే. మూర్ 1987, లైబర్ 1992. వీళ్లవి అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. చనిపోయాక మొదటిసారి అచ్చయిన కథకు లెక్క ప్రచురణ ఏడాది నుంచి. హోవర్డ్‌దే 1967లో మొదట అచ్చయిన కథ ఒకటి ఉంది, అది 2027 చివరిదాకా ఆగాలి. వేరేవాళ్లు దిద్ది పూర్తిచేసిన కథలకు ఆ దిద్దినవాళ్ల హక్కు వేరుగా ఉంటుంది. కథ స్వేచ్ఛగా ఉన్నా హోవర్డ్ వీరుడు కోనన్ పేరు ట్రేడ్‌మార్క్, అట్ట మీద పెట్టేముందు వకీలును అడగండి.

కరీంనగర్ నుంచి:
మస్తు సంతోషం. అయితే ఇప్పుడు అట్ట మీద ఏమని రాయాలె, ‘జానపదం’ అనా, ‘కత్తీ మాయా’ అనా?

వరంగల్ నుంచి:
రెండూ రాయండి. పైన పెద్దక్షరాల్లో ‘కత్తీ మాయా కథలు’, కింద చిన్నగా ‘జానపద నవలిక’. పాత మాటతో వెతికేవాడికి కింది గీత దొరుకుతుంది, దుకాణంలో చూసేవాడికి పై గీత. రెండు మాటల మధ్య ఖాళీ వదలడం మరవద్దు. కలిపేస్తే వెతికే యంత్రం ఒకే మాట అనుకుంటుంది, ‘మాయ’ అని కొట్టినవాడికి మీ పుస్తకం కనపడదు.