సమస్యాపూరణం: తలుపు మూసినపుడె తలుపు తెరచు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య పైన ఇచ్చిందే, దాన్ని చివరి పాదంగా ఉంచి పై మూడు పాదాలూ మీరు పూరించాలి. ఆటవెలది చివరి పాదం, ఐదూ సూర్యగణాలే (మూడేసి మాత్రల గణాలు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, త-త కుదిరే ఉంది, మీకు ఆ టెన్షన్ లేదు. వస్తువు క్రైస్తవ జీవితం: ప్రార్థన, పట్టుదల, విశ్వాసం నలుగురితో పంచుకోవడం. చర్చికి వెళ్ళనివారూ రాయొచ్చు. బైబిలు ఘట్టం వాడితే అధ్యాయం చెప్పండి, మేమూ తిరగేస్తాం. ఒక్క హెచ్చరిక. ‘తెరచు’ సకర్మకం. తలుపు దానంతట అది తెరుచుకోదు. ఎవరు తెరుస్తారో పద్యంలో కనబడాలి.

సీతమ్మధార అక్క: మత్తయి 6:6 ఉండనే ఉంది కదా మాస్టారూ, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థించమని. సమస్య ఇచ్చేటప్పుడే మీ మనసులో అదే ఉండి ఉంటుంది.

గదిని చేరి దాగి కన్నీటితో వేడ
తండ్రి వినును మనసు తడిమి చూచి;
లోకమెరుగకున్న లోటేమి? మన యింటి
తలుపు మూసినపుడె తలుపు తెరచు.

నిర్వాహకుడు: ఉంది. రెండో పాదంలోని తండ్రే నాలుగో పాదానికీ కర్త, అన్వయం తిన్నగా సాగింది. ‘మనసు తడిమి చూచి’ బాగుందమ్మా.

జాలారిపేట తమ్ముడు: అక్కా, పద్యం బాగుంది. కానీ మా పేటలో చాలా ఇళ్ళకు ఉన్నదే ఒక్క గది. అందులోనే వంట, పిల్లల చదువు, ముసలమ్మ దగ్గు. తలుపు మూస్తే అందరూ లోపలే ఉంటారు. మా అమ్మ తెల్లవారకముందే ఇసకలోకి వెళ్ళి కూర్చుని ప్రార్థన చేసుకుంటుంది.

సీతమ్మధార అక్క: అమ్మ చేసేది ప్రభువు చేసిందే తమ్ముడూ. మార్కు 1:35 చూడు, పెందలాడే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్ళి ప్రార్థించాడు. లూకా 6:12లో రాత్రంతా కొండ మీదే. పక్కవాడు చూడాలని చెయ్యకపోతే అదే మూసిన తలుపు.

జాలారిపేట తమ్ముడు: అయితే నాదీ చూడండి. లూకా 5, రాత్రంతా పడవలో వేసినా ఖాళీగా వచ్చిన వలలు యేసు మాటతో నిండిన ఘట్టం. మొదటిసారి రాస్తున్నాను, తిట్టొద్దు.

రాత్రి వలలు వేసి రాలేదు ఒక చేప;
మాట వినగ నిండె మరల వలలు;
ఆశ వదలకున్న నా ప్రభు వొకనాడు
తలుపు మూసినపుడె తలుపు తెరచు.

గాజువాక బాబాయి: గణాలు సరిపోయాయి బాబూ, మొదటిసారికి అదే గొప్ప. ‘రాలేదు ఒక’ దగ్గర సంధి చెయ్యకుండా వదిలేశావు. ‘రాలేదొక’ అంటే గణం పోతుంది. ‘రాలేదు చిరుచేప’ అను, సరిపోతుంది. అసలు చిక్కు వేరే ఉంది. పడవకు తలుపెక్కడిది?

జాలారిపేట తమ్ముడు: హహ. అది ఆలోచించలేదు బాబాయ్.

గాజువాక బాబాయి: సముద్రం చేతే మూయించు. మూడో పాదం ఇలా మార్చి చూడు: ‘కడలి సిరుల గదికి కఠినమై, యేసయ్య’. రాత్రంతా తలుపు మూసింది కడలి, తెల్లారాక తెరిచింది ఆయన. వేట తెలిసినవాడివి, ఈ మాట నీ నోట వస్తేనే అందం.

ఉక్కునగరం: లూకా 18, విధవరాలూ అన్యాయస్థుడైన న్యాయాధిపతీ.

న్యాయమడుగు విధవ నాళ్లెన్ని తిరిగినా
కసరువాడు గూడ కరగె తుదకు;
అలుపు లేని మొరల నాలించు ప్రభువౌట
తలుపు మూసినపుడె తలుపు తెరచు.

నిర్వాహకుడు: ఛందస్సుకు వంక లేదు. కథకు ఉంది. ఆ న్యాయాధిపతి కరగలేదండీ! దేవుడికి భయపడను, మనుషుల్ని లెక్కచెయ్యను అని తనే చెప్పుకున్నాడు. ఈమె మాటిమాటికీ వచ్చి విసిగిస్తోందని తీర్పు చెప్పాడు. కరిగాడంటే ఉపమానం బలం పోతుంది. కరగనివాడే అడగ్గా అడగ్గా కదిలితే, ప్రేమించే తండ్రి ఆలకించడా అన్నది అక్కడి వాదన. ఈ ఇద్దరినీ పోల్చకూడదు, ఎదురెదురుగా నిలబెట్టాలి. ‘గూడ కరగె’ తీసేసి ‘విసిగి కదిలె’ అనండి. గణాలూ యతీ చెక్కుచెదరవు.

ఉక్కునగరం: ‘కసరువాడు విసిగి కదిలె తుదకు’. ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకు ఇది బాగా తెలుస్తుంది.

మర్రిపాలెం: అపొస్తలుల కార్యములు 16, ఫిలిప్పీ చెరసాల.

అర్ధరాత్రి చెరను నా పౌలు సీలలు
పాడినంత నేల పట్టు తప్పె;
కత్తి దూసినట్టి కాపరి హృదయంపు
తలుపు మూసినపుడె తలుపు తెరచు.

నిర్వాహకుడు: మొదటి రెండు పాదాలు అదిరాయి. ‘నేల పట్టు తప్పె’ అన్న మూడు మాటల్లో భూకంపం వచ్చేసింది. కానీ ఎవరు తెరిచారు? కర్త లేడు, నా హెచ్చరిక చదవలేదు మీరు. పైగా కాపరి అంటే బైబిలు చదివేవారి మనసు గొర్రెల మీదికి పోతుంది. మూడో పాదం ‘కత్తి దూసినట్టి కావలి కా క్రీస్తు’ (కావలికి + ఆ క్రీస్తు) అంటే రెండు పనులూ అవుతాయి. చెరసాల తలుపు వేసింది కావలివాడు, అతనికే తలుపు తెరిచింది క్రీస్తు.

ఈ ఘట్టం దగ్గర ఇంకాస్త ఆగాలనిపిస్తోంది. తలుపులన్నీ తెరుచుకున్నా ఖైదీలు పారిపోలేదు. అందరూ వెళ్ళిపోయారనుకుని కావలివాడు కత్తి దూసి చావబోతుంటే, మేమందరం ఇక్కడే ఉన్నామని పౌలు కేక వేశాడు. రక్షణ పొందడానికి ఏం చెయ్యాలని అతను అడిగింది ఆ తరువాతే. అదే రాత్రి వాళ్ళ గాయాలు కడిగాడు, ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నారు, తన ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టాడు. పద్యంలో పాటకు చోటిచ్చారు గానీ, ఆ కావలివాణ్ణి కదిపింది పాట కాదు, పారిపోకుండా ఉండిపోవడం. ఆ ఉండిపోవడాన్ని ఎవరైనా మరో పద్యంలో పట్టండి.

మర్రిపాలెం: మూడో పాదం మీరన్నట్టే మార్చుకుంటాను. ఉండిపోవడం గురించి వేరే పద్యం రాస్తాను, రేపటిదాకా టైమ్ ఇవ్వండి.

కంచరపాలెం: నేను చర్చికి వెళ్ళేవాణ్ణి కాను. హుద్‌హుద్ తుపాను రోజు, అంటే 2014 అక్టోబరు 12, మా వీధిలో రేకులు లేచిపోతుంటే ఒక పెద్దాయన తన డాబా ఇంటి తలుపు తీసి అందర్నీ లోపలికి పిలిచారు. ఆయన క్రైస్తవుడు. కరెంటు లేని ఆ రోజులన్నీ ఆయన ఇంట్లో అన్నం తిన్నాం. దేవుడి మాట ఒక్కటీ ఎత్తలేదు.

గాలివాన రేగి కడలి పొంగిన నాడు
భక్తుడొకడు మనకు బంధువయ్యె;
ఊరు భయముతోడ నొదిగి యింటింటికి
తలుపు మూసినపుడె తలుపు తెరచు.

సీతమ్మధార అక్క: నాకు ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే ఎక్కువ నచ్చింది.

గాజువాక బాబాయి: ‘బంధువయ్యె’ భూతకాలం, ‘తెరచు’ తద్ధర్మం, ఎప్పుడూ జరిగేదాన్ని చెప్పే క్రియ. సమస్యలో ఉన్నది మార్చలేం కాబట్టి వదిలేద్దాం. దీనికి తోడు నాదొకటి. వీధి సువార్త మీద.

పిలువకుండ వచ్చి బిగ్గరగా చెప్ప
విన్నవారు లేరు వీధిలోన;
తోడు నిలిచి బాధఁ దుడుచువాడే నోటి
తలుపు మూసినపుడె తలుపు తెరచు.

నిర్వాహకుడు: ‘నోటి తలుపు’! మొదటి తలుపు ఇంటిది కాకుండా నోటిది కావడం ఈ చర్చా దారంలో కొత్త. కీర్తన 141:3లో పెదవుల ద్వారానికి కాపు పెట్టమని వేడుకోలు ఉంది, దానితోనూ కలిసింది. కర్త మూడో పాదంలో దిట్టంగా ఉన్నాడు.

ఉక్కునగరం: పద్యానికి దండం, భావానికి కాదు. నోరు మూసుకోవడమే సాక్ష్యమైతే ప్రకటించేవాడు లేకుండా ఎలా వింటారన్న రోమా 10:14 ఏమవుతుంది? నాకు వాక్యం చెప్పినాయన మైకు పట్టుకునే చెప్పాడు. రోడ్డు మీద నిలబడి విన్నాను.

గాజువాక బాబాయి: నేను మైకును తిట్టలేదు. 1 పేతురు 3:15లో మీ నిరీక్షణకు కారణం ఏమిటని అడిగిన ప్రతివారికీ సాత్వికంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు. ముందు వాళ్ళు అడగాలి. అడిగేలా మనం బతకాలి. కంచరపాలెం వారు ఇన్నేళ్ళకు ఆ పెద్దాయన గురించి ఇక్కడ రాశారు, చూశారా!

ఉక్కునగరం: అడిగేదాకా ఆగితే కొందరికి వినే అవకాశమే రాదు బాబాయ్. దీని మీద మనం కలవం.

పెదవాల్తేరు: మాస్టారూ, ఒక ప్రశ్న. అందరూ ప్రభువు చేతనో భక్తుడి చేతనో తెరిపించారు. ప్రకటన 3:20లో తలుపు దగ్గర నిలబడి తట్టేది ఆయనే. తెరవాల్సింది మనం. ఆ తిరగేసిన పూరణ ఎవరూ రాయలేదేం?

నిర్వాహకుడు: మంచి మాట పట్టారు. మీరే రాయండి, నేను ముట్టుకోను. నా పూరణ ఈ ఊరి చరిత్రది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డెగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ తోడుగా సువార్తల్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో మరొకరు కన్నుమూశారు. వెనకొచ్చిన ప్రిచెట్ చేతిమీదుగా క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. మొదలుపెట్టిన ఇద్దరూ ఆ పుస్తకం చూడలేదు.

ఓడ దిగినవారి కూపిరాగిన గాని
తెలుగులోన నిలిచె దేవు మాట;
మిత్తి వచ్చి వారి మీద, దైవము తానె
తలుపు మూసినపుడె తలుపు తెరచు.

గాజువాక బాబాయి: మూడో పాదంలో మిత్తి (మృత్యువు) ఎక్కడో, మూసిన తలుపు ఎక్కడో! నా చేపల సవరణలోనూ ఇదే దూరాన్వయం, కలవాల్సిన మాటలు దూరంగా పడటం, ఉందనుకోండి.

నిర్వాహకుడు: కామా పెట్టాను కదా బాబాయ్! మర్రిపాలెం, పెదవాల్తేరు పూరణలు వచ్చేదాకా ఈ దారం మూయను. మిగతావారికి వచ్చే వారం సమస్య: ‘చచ్చినట్టి గింజ జాతి నిలిపె’. ఆటవెలదే. యోహాను 12:24 చదివి రండి.