లద్దాఖ్ సరిహద్దు వెలుగులు: గ్రహాలన్న వివరణ నమ్మదగినదేనా?

కొత్తపాఠకుడు:
2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి వరకు లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు పరిసరాల్లో గుర్తు తెలియని వెలుగులను 329 సార్లు చూసినట్లు మన సైనికులు నమోదు చేశారనీ, అవి చైనా డ్రోన్లేమోనని అనుమానించారనీ, చివరికి బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రజ్ఞులు అవి గురు, శుక్ర గ్రహాలని తేల్చారనీ చదివాను. రాత్రంతా కాపలా కాసేవారు వేగుచుక్కను పోల్చుకోలేకపోయారంటే నమ్మబుద్ధి కావడం లేదు. అసలు సంగతి దాచడానికి ఇలా చెప్పి ఉంటారా?

గగనవిహారి:
సైనికుల చూపులో లోపం వెతకనక్కరలేదు. 2012 డిసెంబరు 3న గురుడు సూర్యునికి సరిగ్గా ఎదురుగా ఉన్నాడు. అంటే ఆ రోజుల్లో పొద్దు గుంకే వేళకు తూర్పున ఉదయించి, రాత్రంతా పడమరకు సాగి, తెల్లవారేసరికి అస్తమించేవాడు. ఆ శీతకాలంలో శుక్రుడు తెల్లవారుజామున అదే తూర్పున కనిపించేవాడు. అక్కడ వాస్తవాధీన రేఖ ఉన్నదీ తూర్పునే కాబట్టి, కొండల వెనుక నుంచి లేచే ప్రతి వెలుగూ అవతలి నుంచి బయలుదేరి మనవైపు మెల్లగా వస్తున్నట్లే తోస్తుంది. 4,200 మీటర్లకు పైబడిన ఆ ఎత్తులో గాలి పలుచగా, పొడిగా ఉండటం వల్ల గ్రహాలు మైదానంలో కంటే ప్రకాశవంతంగా కనిపిస్తాయి. పైగా చీకట్లో ఒంటరి వెలుగును తదేకంగా చూస్తే, అది నిలిచి ఉన్నా కదిలినట్లు కంటికి భ్రమ కలుగుతుంది.

మంజీర:
అయినా అనుమానించడం అన్యాయమేమీ కాదు. 1947లో అమెరికాలోని రోజ్‌వెల్ వద్ద దొరికిన శకలాలను సైన్యం మొదట ఎగిరే పళ్లెమని ప్రకటించి, వెంటనే వాతావరణ బెలూనని మాట మార్చింది. అవి సోవియట్ అణు పరీక్షలను పసిగట్టేందుకు ఎగురవేసిన రహస్య బెలూన్లవని వైమానిక దళం 1994లో గానీ చెప్పలేదు. దాచినది ఉంది, కానీ అది గ్రహాంతరవాసులను కాదు. అదే దళం 1969 వరకు సేకరించిన 12,618 ఉదంతాల్లో 701 వివరణ లేకుండానే మిగిలాయి. వాటన్నిటినీ వ్యోమనౌకల ఖాతాలో వేయడం మాత్రం అతి. లద్దాఖ్ సంగతి వేరు, ఎందుకంటే ఏ రాత్రి ఏ గ్రహం ఎక్కడుందో ఏ ప్రభుత్వమూ దాచలేదు.

కొత్తపాఠకుడు:
అయితే నాబోటివాడు సరిచూసుకోవడం ఎలాగండీ?

గగనవిహారి:
స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థలంగా లేహ్‌ను, తేదీగా 2012 డిసెంబరులోని ఏదో ఒక రోజును ఎంచుకొని, సాయంత్రం నుంచి కాలాన్ని ముందుకు జరుపుతూ తూర్పు దిక్కును గమనించండి. మీ ఊరి ఆకాశంలో అనుమానాస్పదమైన వెలుగు కనిపిస్తే, ఒకే చోట నిలబడి, అది ఫలానా మేడ అంచును దాటిన వేళ రాసుకోండి. రోజూ సుమారు 4 నిమిషాలు ముందుగా దాటుతుంటే అది ఆకాశంలోని నక్షత్రమో గ్రహమో అయి ఉంటుంది. డ్రోన్ నడిపేవారెవరూ అంత నియమం పాటించరు. శుక్రుడి విషయంలో మాత్రం ఈ లెక్క కొంత తప్పుతుంది కాబట్టి, కొన్ని వారాలు వరుసగా గమనించవలసి వస్తుంది.