ఫ్లేవర్డ్ టీ రివ్యూకి ఏది లెక్క: ఒట్టి డికాక్షనా, పాలు పోసిన చాయా?

కప్పుసాసరు:
ఒకే కంపెనీ యాలకుల టీకి ఇక్కడ ఒకరు నాలుగు స్టార్లు ఇచ్చారు, ఇంకొకరు రెండు. చదివితే తెలిసిందేమిటంటే మొదటివారు పాలు, పంచదార వేసి కాచారు, రెండోవారు ఒట్టి డికాక్షన్ తాగారు. పక్కపక్కన పెట్టి పోల్చుకునేవాళ్లకి ఆ రెండు రివ్యూలూ పనికిరావు. అందుకే అడుగుతున్నా, అందరం ఒక పద్ధతికి కట్టుబడదామా?

నా ఓటు డికాక్షన్‌కి. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ టీలోని వగరు పదార్థాలైన పాలీఫినాల్స్‌ని పట్టేసుకుంటుంది, దాంతో వగరు అణిగిపోతుంది. కొవ్వు సువాసన నూనెల్ని తనలో కలిపేసుకుని ముక్కుదాకా రానివ్వదు. తాగడానికి అది సుఖమే, తప్పులు పట్టడానికి మాత్రం అడ్డం. పైగా టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6, ఇంటికి పోయించుకునే గేదె పాలైతే ఆ పైన ఎంతైనా ఉండొచ్చు. అప్పుడు మార్కులు టీకి పడుతున్నాయా, పాలకా?

కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. టీ రుచి చూడ్డానికి ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం 1980 నుంచి ఉంది, 2019లో సవరించారు. 100 మి.లీ. నీళ్లకు 2 గ్రాముల ఆకు, మరుగుతున్న నీళ్లు, మూతపెట్టిన పింగాణీ పాత్ర, 6 నిమిషాలు. ఇంట్లో 0.1 గ్రాము చూపించే చిన్న త్రాసు, ఫోన్లో టైమర్, ఒకేలాంటి తెల్ల కప్పులు ఉంటే సరిపోతుంది. చెంచా కొలత మాత్రం వద్దు. చెంచాడు సీటీసీ (ఆకుని మిషన్లో నలిపి చేసిన టీ) గుళికలు 2.5 నుంచి 3 గ్రాములు తూగుతాయి, అదే చెంచాలో పెద్దాకు టీ దాదాపు సగమే తూగుతుంది.

అడ్డా_చాయ్:
అన్నా, ఆ ఐఎస్ఓ కాగితంల పాల ముచ్చట కూడ ఉన్నది, సూసిన్రా? పెద్ద పాత్రకు 5 మి.లీ. పాలంట. ఆ పాత్రల పట్టేది 300 మి.లీ. పైనే. గన్ని నీళ్లకు చెంచెడు పాలు పోస్తే చాయ్ ఎట్లయితది? అసలు ఆ ప్రమాణం మంచి చాయ్ ఎట్ల కాయాల్నో చెప్పనీకి రాసింది కాదు. ఎవలు ఏడ కాసినా ఒక్క తీరు రావాల్నని రాసిన్రు. దాని బ్రిటిష్ రూపం బీఎస్ 6008కి 1999ల ఇగ్ నోబెల్ గూడ ఇచ్చిన్రు, అంటే నోబెల్ పేరు మీద నవ్వులాటకు ఇచ్చే బహుమతి.

మసాలా సీటీసీ తయారు చేసుడే పాల కోసం. పాలు పోసినా కడక్‌తనం, రంగు నిలవాలె, గందుకే ఆకును మిషన్ల నలిపి, చింపి, గుళికలు చేస్తరు. దాన్ని ఒట్టి నీళ్లల్ల ఆరు నిమిషాలు పెడితే చేదెక్కక ఏమైతది? గదానికి "వగరు ఎక్కువ" అని రెండు స్టార్లు ఇచ్చుడంటే, పచ్చి పిండి నమిలి చపాతీకి మార్కులేసినట్టే.

పాలతోని కూడ కొలత పెట్టుకోవచ్చు:
నీళ్లు 100 మి.లీ., టోన్డ్ పాలు 100 మి.లీ., చాయ్‌పత్తి 4 గ్రాములు, చక్కెర 8 గ్రాములు. నీళ్లు మరిగినంక పత్తి ఏసి సన్నమంట మీద 2 నిమిషాలు. పాలు పోసి, ఒక పొంగు వచ్చినంక మళ్ల సన్నమంట మీద 2 నిమిషాలు, వడకట్టుడే. ఆఖరుకి ఒక పని మర్వొద్దు: గ్లాసు బరువు తీసేసి చాయ్ ఎంత తూగుతదో చూసి, వేడినీళ్లతోని 180 గ్రాములకు తేవాలె. మంట ఎక్కువ తక్కువైతే ఆవిరి తేడా వస్తది, ఒక గ్లాసు చిక్కగ, ఇంకోటి పల్చగ అయితది. నింద పత్తి మీద పడ్తది.

నిమ్మగడ్డి:
ఇద్దరూ కాసేదాని గురించే మాట్లాడుతున్నారు. పొట్లంలోంచి తీసిన ఆ 2 గ్రాములో 4 గ్రాములో మొత్తం పొట్లంలా ఉన్నాయా లేదా అనేది అంతకంటే ముందు తేలాలి.

మసాలా టీలో సుగంధద్రవ్యాల పొడి సన్నగా ఉంటుంది, టీ గుళికలు లావు. లారీలో, షాపు అలమరాలో కదిలి కదిలి పొడి అడుక్కి చేరుతుంది. పొట్లం విప్పి పైనుంచి ఒక చెంచా తీస్తే యాలకుల వాసనే లేదంటారు, అడుగు చెంచాతో కాస్తే గొంతు పట్టేసే ఘాటు అంటారు. రెండు రివ్యూల మధ్య తేడాకి పాల కంటే ఇదే పెద్ద కారణం అయ్యుండొచ్చు.

చేయాల్సింది ఇది. 100 గ్రాముల పొట్లం మొత్తం పొడి పళ్లెంలో కుప్పగా పోసి, చదును చేసి, నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురు భాగాలు రెండు పక్కకి తీసేసి, మిగిలిన రెండూ కలిపి మళ్లీ నాలుగు చేయండి. 20 గ్రాములకి దగ్గర పడేదాకా ఇదే. కప్పుకి కావలసింది అందులోంచి తూచుకోండి. ఫ్యాన్ ఆపాలి, లేకపోతే అసలు మసాలా ఎగిరిపోతుంది.

ఇక ఫ్లేవర్ ఆకుకి ఎలా పట్టించారో తెలియకుండా పద్ధతి ఖాయం చేయలేం. పైన నూనె చల్లినవి ఒక రకం. ఎర్ల్ గ్రే టీ చూడండి, దానికి చల్లేది ఇటలీలో కలాబ్రియా ప్రాంతంలో పండే బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనె. ఇలాంటివాటికి పొడి ఆకు వాసన చూసి మార్కులేస్తే మోసపోతాం. డబ్బా తీయగానే గుప్పుమంటుంది, కప్పులో సగం కూడా ఉండదు. పొడి ఆకు, తడిసిన ఆకు, నీళ్లు మూడింటికీ వాసన విడివిడిగా రాయాలి. అదే ఆకులో రెండోసారి నీళ్లు పోసి చూడండి. చల్లిన నూనె మొదటి కప్పుతోనే చాలావరకు దిగిపోతుంది, రెండో కప్పులో అసలు టీ ఎలాంటిదో బయటపడుతుంది.

పూలతో వాసన పట్టించినది ఇంకో రకం. చైనాలో ఫుజౌ వైపు మల్లెమొగ్గల్ని మధ్యాహ్నం కోసి, అవి విచ్చుకునే రాత్రివేళ ఆకుతో కలిపి ఉంచుతారు. తర్వాత పూలు జల్లించి తీసేస్తారు. మేలురకానికి కొత్త పూలతో మళ్లీ మళ్లీ ఇదే పని. మన గుండుమల్లె జాతే అది. అందుకే పొట్లంలో పూరేకులు దండిగా కనబడితే స్టారు పెంచకండి, చాలాసార్లు అవి కంటికి ఇంపుగా ఉండడానికి వేసినవే. ఇలాంటి టీలో పాలు పోసే ఆలోచనే వద్దు. గ్రీన్ టీ కాబట్టి 80 డిగ్రీల నీళ్లు, 2 నుంచి 3 నిమిషాలు. మరుగు నీళ్లు పోసి "చేదు" అని రాస్తే ఆ తప్పు టీది కాదు.

పొడిపొట్లం:
చిన్న సందేహం అండీ. నిమ్మ ఫ్లేవర్ టీలో పాలు పోస్తే కొన్ని విరుగుతున్నాయి, కొన్ని విరగడం లేదు. మందార టీ అయితే ప్రతిసారీ విరుగుతుంది. అల్లం టీ ఒక్కోసారి. ఇది కూడా రివ్యూలో లోపంగా రాయాలా?

నిమ్మగడ్డి:
@పొడిపొట్లం మూడింటికీ కారణాలు వేరు. నిమ్మనూనె మాత్రమే ఉంటే పులుపు ఉండదు, పాలు విరగవు. సిట్రిక్ ఆమ్లం కలిపితే విరుగుతాయి. పులుపు పెరిగి పీహెచ్ (ఆమ్లత్వం కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 దగ్గరికి వస్తే కేసీన్ గడ్డకడుతుంది. పొట్లం వెనక పదార్థాల జాబితా చూస్తే ముందే తెలిసిపోతుంది. మందార టీ పేరుతో అమ్మేది చాలావరకు ఎర్ర గోంగూర కుటుంబపు కాయల మీద ఉండే ఎర్రటి రేకులే. గోంగూర పులుపు సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

పచ్చి అల్లం కథ వేరు. అందులో జింజిబైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, పాల ప్రోటీన్‌ని తెంచేస్తుంది. దంచిన అల్లం నీళ్లలో 3, 4 నిమిషాలు సలసల మరిగాక పాలు పోస్తే గొడవ ఉండదు, పాలలో నేరుగా వేస్తేనే చిక్కు. పొట్లాల్లో వచ్చేది సాధారణంగా శొంఠి, దానితో ఈ ఇబ్బంది తక్కువ. కాబట్టి విరగడం లోపం కాదు, "పాలకి పనికిరాదు" అని ఒక ముక్క రాస్తే చాలు. పొట్లం మీద "పాలతో తాగండి" అని ఉండి విరిగితే మాత్రం స్టారు కోసేయండి.

కప్పుసాసరు:
@అడ్డా_చాయ్ 180 గ్రాముల లెక్క బాగుంది, అది తీసుకుంటాను. చపాతీ పోలిక ఒప్పుకోను. పాతబడ్డ ఫ్లేవర్ సంగతేమంటారు? నారింజ, నిమ్మ, బెర్గమాట్ నూనెల్లో ఉండే లిమోనీన్ గాలి తగిలి పాడైతే టర్పెంటైన్ లాంటి వాసన వస్తుంది. డికాక్షన్‌లో ఇట్టే తెలిసిపోతుంది. 100 మి.లీ. పాలు, 8 గ్రాముల పంచదార వేశాక మీ నాలుకే కాదు, ఎవరి నాలుకా పట్టదు. యాలకులకి బదులు చవక సెంటు కలిపారా అనేది కూడా అంతే. కప్పు 45, 50 డిగ్రీలకి చల్లారనిచ్చి తాగితే చివర్లో సబ్బు రుచి తగులుతుంది. వేడిగా, పాలతో అయితే దాక్కుంటుంది.

అడ్డా_చాయ్:
తాగేటోనికి తెలవని తప్పుకు స్టార్ ఎందుకు కోయాలె? రివ్యూ చదివేటోడు ఇంట్ల పాలు పోసే కాస్తడు. ఆయనకు కావాల్సింది ఒక్కటే, గా గ్లాసుల యాలకులు తెలుస్తున్నయా లేదా. డికాక్షన్‌ల ఘుమఘుమలాడి పాలు పోయంగనే మాయమైపోయే టీలు ఎన్ని లేవు? వాటికి మీ లెక్కల నాలుగు స్టార్లు పడ్తయ్. కొన్నోడు మునుగుతడు.

కప్పుసాసరు:
ఆ చివరి మాట నిజమే, కాదనను. అయితే పాడైన నూనె మొదటి గ్లాసులో దాక్కున్నా, పొట్లం విప్పి గాలి తగిలే కొద్దీ ముదురుతుంది. సగం పొట్లం అయ్యేసరికి పాలు పోసినా తెలుస్తుంది. డికాక్షన్ రివ్యూ చేసే మేలు అదే, నెల తర్వాత వచ్చేది ముందే చెప్తుంది.

డాలస్_డికాక్షన్:
అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక సవరణ. ఇక్కడి హోల్ మిల్క్‌లో కొవ్వు కనీసం 3.25 శాతం, అంటే మన టోన్డ్ పాలకి దగ్గర. హాఫ్ అండ్ హాఫ్ (పాలు, మీగడ కలిపినది) వేసి "చిక్కగా వచ్చింది" అని రాస్తే అక్కడివాళ్లకి ఉపయోగం లేదు, దానిలో కొవ్వు 10.5 శాతం పైనే. అల్ట్రా పాశ్చరైజ్డ్ (చాలా ఎక్కువ వేడిలో కాచిన) పాల డబ్బా అయితే కాచిన పాల వాసన ముందే ఉంటుంది, లేత యాలకుల్ని అది మింగేస్తుంది. మామూలు పాశ్చరైజ్డ్ వాడండి.

నీళ్ల గురించి ఎవరూ ఎత్తలేదేంటి? గట్టి బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ, టీ పైన గోధుమరంగు తెట్టు కడుతుంది, రంగు మసకబారుతుంది, పైవాసన అణిగిపోతుంది. ఆర్‌వో నీళ్లు మరీ తేలికైతే ఒట్టి డికాక్షన్ వగరు ముల్లులా గుచ్చుతుంది. ఏ నీళ్లో రాయకుండా రాసిన డికాక్షన్ రివ్యూ కూడా పాల రివ్యూ అంత అస్పష్టమే. నిమ్మ పిండితే రంగు తేలిపోవడం చూసి "రంగు కలిపారు" అని ఎవరో రాశారు, అది తప్పు. ఆమ్లం తగిలితే టీ రంగు సహజంగానే పలచబడుతుంది.

నిమ్మగడ్డి:
పాలలో తెలుస్తుందా లేదా అన్నది వాదించుకునే విషయం కాదు, పరీక్ష పెట్టొచ్చు. అదే కంపెనీ మామూలు టీ, ఫ్లేవర్ టీ తీసుకుని రెండూ అడ్డా_చాయ్ కొలతతోనే కాయండి. మూడు గ్లాసులు: రెండిట్లో ఒకటే టీ, మూడోదాంట్లో వేరేది. పోసేది ఇంట్లో ఇంకొకరు, తాగేది మీరు. గ్లాసుల కింద గుర్తులు, ప్రతిసారీ వరుస మార్చాలి, ఏ టీ రెండు గ్లాసుల్లో పోయాలో కూడా మార్చాలి. వేడి సమానంగా ఉండాలి, లేకపోతే నాలుక వేడిని పట్టి చెప్పేస్తుంది. వేరేది ఏదో పట్టుకోవాలి, అంతే. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒక్కసారి సరిగ్గా చెప్తే లెక్కలోకి రాదు. ఆరుసార్లలో ఐదు పడితే గుడ్డిదెబ్బ అయ్యే అవకాశం 100కి 2 లోపు. నాలుగే పడితే 10 దాకా ఉంటుంది, అది చాలదు.

మధ్యలో గోరువెచ్చని నీళ్లు పుక్కిలించి, ఉప్పు లేని మరమరాలు నాలుగు నమలండి. లవంగం, పుదీనా, పొగ వాసన టీలు ఆఖర్లో. లవంగంలోని యూజినాల్ నాలుకని కాసేపు మొద్దుబారుస్తుంది, దాని తర్వాత తాగిన మల్లె టీకి అన్యాయం జరుగుతుంది. ప్లాస్టిక్ జాలి, సిలికోన్ మూత అసలు వాడకండి. ఒకసారి బెర్గమాట్ పట్టిందంటే సబ్బుకీ వదలదు. మిగిలిన శాంపిళ్లు పల్చటి పాలిథీన్ కవర్లలో పక్కపక్కన పెడితే వారానికల్లా అన్నీ ఒకే వాసన. ఒక్కోదానికి ఒక్కో ఫాయిల్ పౌచ్, లేదా బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బా.

పొడిపొట్లం:
అయితే పాల కప్పులో పంచదార 8 గ్రాములు అందరికీ ఒకటేనా? దాల్చినచెక్క టీలు కొన్ని పంచదార లేకుండానే తియ్యగా ఉంటున్నాయి.

కప్పుసాసరు:
జాబితాలో అతిమధురం గానీ, స్టీవియా గానీ ఉందేమో చూడండి. ఆ తీపి ఆలస్యంగా తగిలి నాలుక వెనక చాలాసేపు ఉంటుంది, పంచదారది వెంటనే తగిలి పోతుంది. డికాక్షన్ కప్పులో చప్పున తెలుస్తుంది, ఇదీ నా వాదనకే బలం. పాల కప్పులో 8 గ్రాములు మార్చకండి, మారిస్తే పోల్చడానికి ఏమీ మిగలదు. "తీపి అతి" అని రాసి వదిలేయండి.

అడ్డా_చాయ్:
గిదైతే నేను ఒప్పుకోను. అతిమధురం ఉన్నదాంట్ల 8 గ్రాములు ఏస్తే ఎవనికీ మింగుడు పడదు. ముందు 4 ఏసి తాగి, చాలకుంటే 8కి పోవాలె, ఏది ఏసిన్రో పైన రాయాలె. స్టార్ మాత్రం పాల గ్లాసుకే. డికాక్షన్‌ల ఏం దొరికిందో కింద రాసుకోండ్రి, వద్దన్నదెవరు?