డైకామ్ ఫైళ్లను జేసన్‌లోకి, సీఎస్‌వీలోకి మార్చినవారు మీ అనుభవం చెప్పండి

కొండపల్లి_బొమ్మ
అందరికీ నమస్కారం. ఎం.టెక్. ప్రాజెక్టు కోసం ఒక బోధనాసుపత్రి 60 మంది ఛాతీ సీటీ స్కాన్లు డైకామ్ రూపంలో (స్కాన్ చిత్రాన్నీ రోగి వివరాలనూ కలిపి దాచే ఫైలు) ఇచ్చింది. ఒక్కొక్కరికి 300 దాకా స్లైసులు (ఒంటి అడ్డకోత చిత్రాలు) ఉన్నాయి. మా గైడు గారు "అన్నీ జేసన్‌లో పెట్టు, ఎవరైనా తెరిచి చదువుకునేలా ఉండాలి" అన్నారు. జేసన్ అంటే టెక్స్టుగా చదవగలిగే ఫైలు, సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన పట్టిక. పైడైకామ్ అనే పైథాన్ లైబ్రరీతో ఒక స్లైసును మార్చి చూశాను. ఐదు లక్షల పైచిలుకు బైట్ల ఫైలు కాస్తా ఏడు లక్షలు దాటింది. తెరిస్తే పైన ఉన్న ట్యాగులు (రోగి పేరు, తేదీ లాంటి వివరాల గడులు) అర్థమవుతున్నాయి, కింద మాత్రం ఒకే వరుసలో అక్షరాల గుట్ట. నోట్‌ప్యాడ్ బిగుసుకుపోయింది.

పిక్సెళ్ల విలువలు అంకెల్లో కావాలంటే ఏం చేయాలి? ఊపిరితిత్తుల దగ్గర మైనస్ 800 ప్రాంతంలో ఉండాల్సిన విలువలు 150 దగ్గర వస్తున్నాయి, ఎందుకు? రోగుల పేర్లు తీసేయడం ఎలా? కొన్ని ఫైళ్లలో ట్యాగులు వస్తున్నాయి కానీ పిక్సెళ్లు చదవబోతే తిప్పికొడుతోంది, వాటి సంగతి ఏమిటి?

రాత్రిడ్యూటీ
సీటీ కన్సోల్ ముందు 11 ఏళ్లుగా కూర్చుంటున్నాను. వాటన్నిటికన్నా ముందు ఒకటి అడుగుతాను. స్లైసుల వరుస సరిచూసుకున్నారా?

పోయిన ఏడాది ఒక విద్యార్థి మా దగ్గర తీసిన స్కాన్‌ను సీఎస్‌వీగా మార్చుకుని, "మీ యంత్రంలో లోపం ఉంది, వెన్నెముక ముక్కలుగా వస్తోంది" అని మా పై అధికారికి మెయిల్ పెట్టాడు. నాలుగు రోజులు నాకు కంటి మీద కునుకు లేదు. కాలిబ్రేషన్ మళ్లీ చేయించారు. చివరికి తేలింది ఏమిటంటే, అతను ఫైళ్లను పేర్ల వరుసలో చదివాడు. 1 తర్వాత 10, దాని తర్వాత 100, ఎప్పటికో 2. మెడ పక్కకు నడుము వచ్చి కూర్చుంది. యంత్రాన్ని, నన్ను అన్న ఆ మాటకు ఇప్పటికీ క్షమాపణ రాలేదు.

స్లైసు స్థానం చెప్పే (0020,0032) ట్యాగులో మూడు అంకెలు ఉంటాయి. మీ ఛాతీ స్కాన్లలో మూడో అంకె తల, కాళ్ల దిశలో ఆ స్లైసు ఎక్కడుందో చెబుతుంది, తల వైపు వెళ్లేకొద్దీ పెరుగుతుంది. వరుస దానితో కట్టండి. ఇన్‌స్టన్స్ నంబరును (ఫైలులో రాసి ఉండే స్లైసు సంఖ్య) కూడా గుడ్డిగా నమ్మవద్దు. ఆ మూడు అంకెలను ప్రతి స్లైసు పక్కన రాసి ఉంచండి. ఒకసారి టెక్స్టులోకి వెళ్లాక ఆ స్లైసు ఒంట్లో ఎక్కడిదో చెప్పే ఆధారం ఇంకొకటి ఉండదు.

బిట్_లెక్క
14 ఏళ్లుగా ప్యాక్స్ (ఆసుపత్రి స్కాన్లను దాచి, పంపే వ్యవస్థ) పనే చేస్తున్నాను, డైకామ్ ప్రమాణం భాగాలు భాగాలుగా చదివాను కాబట్టి చెబుతున్నాను. జేసన్ రూపం ఎలా ఉండాలో 18వ భాగంలో, ఎక్స్‌ఎంఎల్ రూపం 19వ భాగంలో స్పష్టంగా ఉంది. చదవకుండా సొంత పద్ధతులు కనిపెట్టడం వల్లే ఈ తిప్పలన్నీ.

మీరు చూసిన అక్షరాల గుట్ట బేస్64, అంటే బైట్లను అక్షరాలుగా రాసే పద్ధతి. ప్రతి మూడు బైట్లూ నాలుగు అక్షరాలవుతాయి. 512 అడ్డం, 512 నిలువు, పిక్సెల్‌కు రెండు బైట్లు, వెరసి 5,24,288 బైట్లు. అది 6,99,052 అక్షరాలుగా మారుతుంది. ఈ భారం వద్దనుకునేవారికే బల్క్ డేటా యూఆర్‌ఐ అనే దారి పెట్టారు. పిక్సెళ్లు వేరే ఫైలులో ఉంటాయి, జేసన్‌లో వాటి చిరునామా మాత్రమే ఉంటుంది. పిక్సెళ్లను టెక్స్టులో కుక్కడం తప్పు. మీ గైడు గారికి ఆ మాట మీరే చెప్పండి.

పొలంగట్టు
తప్పు అని ఒక్క మాటలో కొట్టిపారేయడం నాకు నచ్చలేదు. నేను డిగ్రీ కళాశాలలో స్టాటిస్టిక్స్ చెబుతాను. మా ల్యాబ్‌లో పన్నెండు కంప్యూటర్లు, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే అనుమతి లేదు. ఉన్నదల్లా స్ప్రెడ్‌షీట్ ఒక్కటే. పేరూ ఊరూ లేని ఒక స్లైసును సీఎస్‌వీ చేసి పిల్లలకు ఇచ్చాను. గాలి మైనస్ 1000, నీరు సున్నా, ఎముక అయితే వందల్లో అని చెప్పి, విలువను బట్టి గడికి రంగు వేయమన్నాను. ఒక అమ్మాయి గడుల వెడల్పు బాగా తగ్గించి దూరం నుంచి చూసింది. అంకెల్లోంచి పక్కటెముకలు వంపు తిరిగి బయటికి వచ్చాయి. తరగతి మొత్తం ఆ కంప్యూటర్ చుట్టూ చేరింది. టెక్స్టులో పెట్టకపోతే ఆ గంట మాకు ఉండేది కాదు.

దెబ్బ కూడా తిన్నాను, అదీ చెబుతాను. మొదట పిక్సెల్‌కు ఒక వరుస చొప్పున రాశాను. ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలే పడతాయి. ఒక స్లైసులో 2,62,144 పిక్సెళ్లు, నాలుగు స్లైసులకు సరిగ్గా షీటు నిండిపోతుంది. పైన శీర్షిక వరుస ఒకటి పెట్టాను కదా, చివరి పిక్సెల్ బయటికి పోయింది. ఒక్క పిక్సెల్ కోసం లెక్క ఎక్కడ తప్పిందో వెతకడానికి ఒక రోజంతా పట్టింది. ఇప్పుడు స్లైసుకు ఒక ఫైలు, 512 వరుసలు, 512 నిలువు గడులు. అంతే.

బిట్_లెక్క
పాఠం చెప్పడం వేరు, 60 మంది పరిశోధన డేటా వేరు. ఒక స్లైసు బాగా వచ్చిందని 18,000 స్లైసులను అలాగే చేయమంటే ఎలా?

పొలంగట్టు
18,000 చేయమని నేను ఎక్కడ అన్నాను? రాసింది చదివి జవాబు ఇవ్వండి.

ఇంటిపేరు_ముందు
పిక్సెళ్ల సంగతి మీరు తేల్చుకోండి, నా బాధ పేర్లది. రికార్డుల విభాగంలో పనిచేస్తాను. మూడేళ్ల స్కాన్ల ట్యాగులన్నీ జేసన్‌లోకి తీసి ఒక పట్టిక చేయమన్నారు. డైకామ్‌లో పేరు రాసే పద్ధతి మీకు తెలిసిందే, ముందు ఇంటిపేరు, తర్వాత టోపీ గుర్తు, ఆ తర్వాత సొంత పేరు. ఇంటిపేరు ముందు పెట్టుకునే మనకు ఇది అచ్చంగా సరిపోవాలి. కానీ ఒకే లక్ష్మి గారు మూడుసార్లు వస్తే ఒకసారి "కే లక్ష్మి" అని మొత్తం ఇంటిపేరు గడిలో, ఇంకోసారి లక్ష్మి ఇంటిపేరుగా కే సొంత పేరుగా, మూడోసారి భర్త పేరుతో కలిపి ఉంది. పట్టికలో ఆమె ముగ్గురు మనుషులైంది. పాత స్కాన్‌తో పోల్చాల్సిన డాక్టరు గారికి పాతది కనిపించలేదు. కన్సోల్ దగ్గర టైపు చేసేవారు పది సెకన్లు శ్రద్ధ పెడితే నాకు మూడు నెలల పని తప్పేది.

రాత్రిడ్యూటీ
ఆ పది సెకన్లు ఎవరి దగ్గర ఉన్నాయో వచ్చి చూడండి. రాత్రి రెండు గంటలకు రోడ్డు ప్రమాదం కేసు వస్తుంది. స్ట్రెచర్ మీద మనిషికి స్పృహ ఉండదు, తెచ్చినవారికి అతని పేరు తెలియదు. ఒకరు సెలైన్ సీసా ఎత్తి పట్టుకుంటారు, ఇంకొకరు తల కదలకుండా పట్టుకుంటారు, నేను ఒక చేత్తో బల్ల కదుపుతూ రెండో చేత్తో పేరు గడిలో "తెలియదు" అని కొట్టి స్కాన్ మొదలుపెడతాను. మెదడులో రక్తం ఉందో లేదో డాక్టరు గారికి వెంటనే కావాలి. ఇంటిపేరు ఏ గడిలో పడింది అనేది ఆ క్షణంలో నా తల్లి అడిగినా నేను ఆలోచించను.

ఇంటిపేరు_ముందు
ప్రమాదం కేసుల గురించి నేను ఒక్క మాట కూడా అనలేదు. పగటి పూట ఓపీలో, ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని వచ్చినవారి పేర్లు కూడా ఇలాగే ఉన్నాయి. దానికి ఏమంటారు?

రాత్రిడ్యూటీ
పగలు పేరు మేము టైపు చేయం. రిజిస్ట్రేషన్ కౌంటర్ నుంచి వర్క్‌లిస్టులో (తీయాల్సిన స్కాన్ల జాబితా) వస్తుంది. అక్కడ ఎలా కొడితే ఇక్కడ అలాగే దిగుతుంది. మీ రికార్డుల విభాగం పక్క గదే కదా ఆ కౌంటర్, వెళ్లి వారిని అడగండి.

బిట్_లెక్క
ఇద్దరూ ఆగండి. పేరుతో జతపరచడమే పొరపాటు. పేషెంట్ ఐడీతో జతపరచాలి.

పొలంగట్టు
ఆ ఐడీని సీఎస్‌వీ చేసి ఎక్సెల్‌లో తెరిచి చూడండి, 000417 కాస్తా 417 అవుతుంది. డైకామ్‌లో అది అక్షరాల గడి, అంకె కాదు. ఎక్సెల్ దాన్ని అంకె అనుకుని ముందున్న సున్నాలు మింగేస్తుంది. 0417 ఒకరు, 417 ఇంకొకరు అయితే ఇద్దరూ ఒకటైపోతారు. ఆ నిలువు గడిని ముందుగా టెక్స్టు అని చెప్పి దిగుమతి చేసుకోవాలి. జేసన్‌లో అయితే కొటేషన్ల మధ్య ఉంటుంది కాబట్టి భద్రంగా ఉంటుంది.

ఒత్తులు_దీర్ఘాలు
పేర్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, ఇక్కడ ఎవరైనా తెలుగు లిపిలోనే పేరు ఎక్కించారా? మేము ఒక శిబిరంలో ప్రయత్నించాం. రోగి తన పేరు తెర మీద తాను చదువుకోగలగాలని నా పట్టుదల. జేసన్‌లోకి మార్చేసరికి పేరు బదులు పిచ్చి గీతలు. "లక్ష్మి" అన్న పేరు మన కంటికి రెండే అక్షరాలు. యూనికోడ్‌లో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి ఏడు. ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతి) మూడు బైట్లు, మొత్తం 21. (0008,0005) ట్యాగులో ఐఎస్ఓ_ఐఆర్ 192 అని రాసి ఉంటేనే చదివే ప్రోగ్రాముకు అది యూటీఎఫ్-8 అని తెలుస్తుంది. మా ఫైళ్లలో ఆ ట్యాగు ఖాళీ. ఖాళీ అంటే మామూలు ఇంగ్లిష్ అక్షరాలని అర్థం. 21 బైట్లను 21 వేరు వేరు అక్షరాలుగా చదివేసింది. మార్చేముందు ఆ ట్యాగు సరిదిద్దితే ఒత్తుతో, గుడితో సహా పేరు వచ్చింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

తెల్లగోడ
పేర్లు ఎలా నిలబెట్టాలా అని ఇంతసేపు మాట్లాడుకున్నారు, అడిగిన అబ్బాయి పేర్లు ఎలా తీయాలని అడిగాడు. డైకామ్ ప్రమాణం 15వ భాగంలో తీయాల్సిన ట్యాగుల జాబితా ఉంది, దాన్ని పట్టుకోండి. పేరు, ఐడీ తీసేస్తే సరిపోదు. పుట్టిన తేదీ, డాక్టరు పేరు, ఆసుపత్రి పేరు, స్కాన్ తేదీలు, యూఐడీలు (ఒక్కో స్కాన్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్యలు) అన్నీ చూడాలి. ట్యాగులోని మొదటి సంఖ్య, అంటే గ్రూపు సంఖ్య, బేసి అయితే అది యంత్రం తయారుచేసినవారి సొంత ట్యాగు, అందులో ఏముందో ముందుగా చెప్పలేం. మేము జేసన్‌లోకి మార్చాక పది అంకెల సంఖ్యల కోసం వెతికితే వ్యాఖ్యల గడిలో ఒకరి ఫోను నంబరు బయటపడింది. డైకామ్‌గా ఉన్నన్నాళ్లు ఎవరి కంటా పడలేదు. ఆ ఫైలు అప్పటికే ముగ్గురి దగ్గరికి వెళ్లింది.

అల్ట్రాసౌండ్ అయితే ఇంకా జాగ్రత్త. పేరు చాలాసార్లు చిత్రంలోనే, పిక్సెళ్లలోనే ముద్రించి ఉంటుంది. ట్యాగులు ఎన్ని తుడిచినా అది అక్కడే ఉంటుంది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా, జబ్బు పడిన మనిషి నమ్మి పడుకున్న బల్ల అది.

కొండపల్లి_బొమ్మ
అందరికీ కృతజ్ఞతలు. మైనస్ 800 ఎందుకు రావడం లేదో దొరికింది. పిక్సెళ్లలో ఉన్నది పచ్చి విలువ. (0028,1053)లోని స్లోప్‌తో గుణించి, (0028,1052)లోని ఇంటర్‌సెప్ట్ కలపాలి. నా ఫైళ్లలో స్లోప్ 1, ఇంటర్‌సెప్ట్ మైనస్ 1024. 154 ఉన్నచోట మైనస్ 870 వచ్చింది. ఊపిరితిత్తి ఊపిరితిత్తిలా కనిపించింది.

రాత్రిడ్యూటీ గారూ, నా వరుస కూడా తప్పే. మీరు చెప్పకపోతే నేనూ యంత్రాన్నే అనేవాడిని.

రాత్రిడ్యూటీ
సంతోషం బాబూ. ఆ రెండు ట్యాగులనూ జేసన్‌లో తప్పకుండా ఉంచు. ఆరు నెలల తర్వాత తెరిచేవారికి ఆ అంకెలు పచ్చివో, కలిపినవో తెలియాలి.

ఎంఆర్_గది
మెదడు ఎంఆర్‌ఐ చేసేవారు డీసీఎం2నిక్స్ అనే ప్రోగ్రాము వాడండి. చిత్రం నిఫ్టీ (మెదడు చిత్రాల పరిశోధనలో వాడే రూపం) ఫైలులోకి, వివరాలు పక్కన చిన్న జేసన్‌లోకి వెళ్తాయి. నిఫ్టీలో కుడి ఎడమల గుర్తు డైకామ్‌కు తిరగబడి ఉంటుంది, అది మరవద్దు. తిప్పికొట్టే ఫైళ్లు కుదించినవి అయి ఉంటాయి. ట్రాన్స్‌ఫర్ సింటాక్స్ (పిక్సెళ్లను ఎలా కుదించారో చెప్పే సంఖ్య) చివర 4.70 ఉంటే లాస్‌లెస్ జేపెగ్, 4.90 ఉంటే జేపెగ్ 2000. విప్పే లైబ్రరీ విడిగా వేసుకోవాలి.

బిట్_లెక్క
ఎట్టకేలకు ఒకరు పిక్సెళ్లు వేరు, వివరాలు వేరు అన్నారు. నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే.

పొలంగట్టు
మా తరగతికి వచ్చి ఒక గంట కూర్చోండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం.

కొండపల్లి_బొమ్మ
లైబ్రరీ వేశాక ఆ ఫైళ్లూ తెరుచుకున్నాయి. గైడు గారు ఒప్పుకున్నారు. స్లైసుకు ఒక జేసన్, పిక్సెళ్లు లేకుండా, ఒక్కొక్కటి 10 కిలోబైట్ల లోపే ఉంది. పిక్సెళ్లు విడిగా ఉంచాను. తెల్లగోడ గారు చెప్పినట్టు పది అంకెల కోసం వెతికాను, రెండు ఫైళ్లలో దొరికాయి. ఆసుపత్రి వారికి తెలియజేశాను.

ఇంకొకటి. ఒక రోగి స్కాన్ 300 ఫైళ్లుగా కాకుండా మొత్తం ఒకే ఫైలులో ఉంది. అందులో (0020,0032) పైన ఎక్కడా కనిపించడం లేదు. ఫ్రేముకు (అంటే ఆ ఫైలులోని ఒక్కో స్లైసుకు) ఒకటి చొప్పున లోపలి వరుసల్లో దాగి ఉన్నట్టుంది. దాన్ని జేసన్‌లో విడదీసినవారు ఎవరైనా ఉన్నారా?