కాటిసీనులో హరిశ్చంద్రుడి బట్టలు కొత్తవిలా కనిపిస్తున్నాయి, ఏం చెయ్యాలి?

కాటిసీను2:
పొద్దున్నుంచీ ఇదే పని. కాటిసీనుకని పంచె, పైగుడ్డ తెచ్చి టీ డికాక్షన్‌లో రెండుసార్లు నానబెట్టాను. ఆరాక లేత గోధుమరంగు వచ్చింది, జాడిస్తే అదీ పోయింది. మూడోసారి పావుకిలో టీపొడి వేసి మరిగించా, అదే కథ. బ్లేడుతో చింపితే చిరుగులు కత్తిరించినట్టే ఉన్నాయి. లైట్ల కింద మెరిసిపోతోంది, కాటికాపరిలా కాదు, పెళ్ళికొడుకులా ఉన్నాడు. వచ్చే ఆదివారం పరిషత్తు నాటకపోటీలో ప్రదర్శన. ఏ రంగు వెయ్యాలో చెప్పండి చాలు.

తెరవెనక:
గుడ్డ ఏది? లైట్లు ఏ రంగు?

రసవాది:
ముందు "బట్టలు" అనడం మానండి. అది ఆహార్యం, అంటే వేషంతో చేసే అభినయం. ఆంగిక (శరీరం), వాచిక (మాట), సాత్త్వికాలతో (లోపలి భావం) సమానంగా నాట్యశాస్త్రకర్త భరతుడు దాన్ని అభినయంలో లెక్కించాడు. నటుడు పద్యం ఎత్తుకోకముందే వేషం అభినయిస్తుంది. కాటి అనగానే అందరూ నలుపు వేస్తారు. నాట్యశాస్త్రం ప్రకారం నలుపు భయానకానిది. కరుణకు కపోతవర్ణం, అంటే పావురం బూడిదరంగు. ఆ సీనులో ఏడిపించాలా, భయపెట్టాలా? అది తేల్చుకోకుండా రంగు అడిగితే ఎలా?

తెరవెనక:
పావురం సరే. గుడ్డ?

కాటిసీను2:
తెల్లగుడ్డేనండీ, మామూలు పంచెల గుడ్డ. మీటర్ల లెక్కన కొన్నా.

రంగులతొట్టి:
"మామూలు" అంటే ఏమీ తెలియదు. అంచునుంచి నాలుగు పోగులు లాగి కాల్చండి. కాగితం కాలిన వాసనొచ్చి మెత్తని బూడిద రాలితే నూలు. కరిగి గట్టిగా నల్ల ఉండ కడితే పాలిస్టర్ కలిసిన టెరికాటన్. టీలోని వగరు నూలుకు పడుతుంది, పాలిస్టర్‌కు పట్టదు. ఎన్ని కిలోల టీపొడి పోసినా దండగే.

నూలైతే ముందు గంజి వదలాలి. వాషింగ్ సోడా వేసి అరగంట ఉడకబెట్టి జాడించండి. ఇది చెయ్యకపోతే రంగు మరకలు మరకలుగా దిగుతుంది. తర్వాత టీ కాదు, కరక్కాయ. నాలుగు మీటర్ల గాడా (ముతక నూలు) గుడ్డ దాదాపు 600 గ్రాములనుకుంటే కరక్కాయ పొడి 120 గ్రాములు. పది లీటర్ల నీళ్ళలో అరగంట మరిగించి, వడకట్టి, అందులో గుడ్డను రాత్రంతా నానబెట్టండి. పిండి ఆరేయండి, జాడించొద్దు. మర్నాడు ప్లాస్టిక్ బకెట్లో పది లీటర్ల గోరువెచ్చని నీళ్ళలో అన్నభేది (ఇనుము ఉండే ఉప్పు, ఫెర్రస్ సల్ఫేట్) 15-18 గ్రాములు కరిగించి ముంచి కలియతిప్పండి. నిమిషాల్లో బూడిదరంగు తిరుగుతుంది, ఎంత కావాలో అంతలో తీసేయండి. తడిమీద ముదురుగా కనిపిస్తుంది, ఆరితే ఒక మెట్టు తేలుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత వెనకున్న సూత్రం కూడా ఇదే: కరక్కాయ పట్టిన గుడ్డమీద ఇనుము. అన్నభేది ఎక్కువైతే, చివర బాగా జాడించకపోతే గుడ్డ చివికిపోతుంది. చేతులకు గ్లవ్స్ వేసుకోండి.

చిరుగులకు బ్లేడు వద్దు. కొసన చిన్న గాటు పెట్టి చేత్తో చింపి, పోగులకు అడ్డంగా వైర్‌బ్రష్‌తో రుద్దండి. అదీ అంతటా కాదు. కర్ర ఆనే భుజం, మోకాళ్ళు, నేలకు తగిలే అంచు, అంతే. అన్నిచోట్లా సమానంగా చింపితే బిచ్చగాడి వేషమవుతుంది, రాజు పడిపోయిన వేషం అవ్వదు. అందుకే పైగుడ్డకు ఒకపక్క వెలిసిన జరీ అంచు ఉంచమంటాను. గొంగళి జారినప్పుడు అది ఒక్కసారి కనిపిస్తే చాలు.

రసవాది:
జరీ ఎక్కడిదండీ? సర్వస్వం విశ్వామిత్రుడికి ధారపోసి, ఆలుబిడ్డల్ని అమ్మి, తానూ వీరబాహుడికి అమ్ముడుపోయినవాడు. జరీ అంచు మిగిలితే సత్యం తప్పినట్టే!

రంగులతొట్టి:
కథ నాకూ తెలుసు. ప్రేక్షకుడు దర్బారు సీను మర్చిపోకూడదనే అన్నాను. జరీ వద్దంటే అదే అంచును పోగులు పీకేసి, కుట్టు గుర్తులు మాత్రం వదలండి.

డ్రెస్‌కంపెనీ:
దర్బారు డ్రెస్సు అద్దెదైతే అంచు పీకకండి, డిపాజిట్ పోతుంది. ఇంకోటి, గొంగళి తేలికైంది తీసుకుంటే నటుడు చెయ్యెత్తినప్పుడల్లా ఎగురుతుంది. కింది అంచు మడతలో అరచేతి దూరానికొక ఇనప వాషర్ కుట్టండి. బరువుకు భుజం దానంతటదే వంగుతుంది, కుంగిపోయినట్టు నటించక్కర్లేదు. నల్లతెర ముందు నల్లగొంగళి మాత్రం వద్దు, తల ఒక్కటే గాల్లో తేలుతుంది.

రసవాది:
చంద్రమతి మంగళసూత్రం సంగతి ఎవరూ ఎత్తలేదు. అది భర్తకు తప్ప ఎవరికీ కనపడదు. ప్రేక్షకులకు ముందునుంచీ కనిపిస్తుంటే ఆనవాలు పట్టే ఘట్టానికి అర్థమేముంది?

డ్రెస్‌కంపెనీ:
కొంగు కింద దాచి, ఆ పద్యం దగ్గర బయటికి తీయడమే.

రసవాది:
అప్పుడు కొంగు మాయ అవుతుంది, సూత్రం మాయ కాదు.

తెరవెనక:
అడిగింది పంచె గురించి.

కాటిసీను2:
కాల్చి చూశా, ఉండ కట్టింది. దుకాణంవాడు కాటన్ అన్నాడు మరి. రంగు మార్చే దారి ఏమైనా ఉందా?

రంగులతొట్టి:
ఇంట్లో కుదరదు. పాలిస్టర్ రంగులకు ప్రెషర్‌లో 130 డిగ్రీల దాకా వేడి కావాలి. గుడ్డ మార్చడం ఇష్టం లేకపోతే బూడిద, మట్టిరంగు ఫ్యాబ్రిక్ పెయింట్ బాగా పల్చన చేసి స్పాంజితో అద్ది, ఆరాక వెనకనుంచి ఇస్త్రీ చెయ్యండి. దూరానికి నడుస్తుంది. ముందువరస జడ్జీలకు మాత్రం తెలిసిపోతుంది.

కాటిసీను2:
ఖద్దరు తెస్తున్నా. కరక్కాయ నాటుమందుల కొట్లో దొరికింది. థాంక్సండీ.

తెరవెనక:
లైట్లు ఏ రంగో ఇంకా చెప్పలేదు. నీలమైతే బూడిదరంగులో మడతలు నిలుస్తాయి, టీరంగు నల్లగా చచ్చిపోతుంది. ఊదా లైటు ఉంటే కొత్త గుడ్డకు మిల్లులో వేసిన తెల్లదనం మందు వెలుగుతుంది. అదే మీరు చూసిన మెరుపేమో. ఏ రంగు?