అప్‌డేట్: టూటా, థోరిమియా ఒకటేనా?

టమాటా ఆకు తొలిచే పురుగును ఒకచోట టూటా అబ్సొల్యూటా అని, ఇంకోచోట థోరిమియా అబ్సొల్యూటా అని రాస్తున్నారు, రెండూ వేరా అని అడిగాను కదా. ఒకటేనండి. 1917లో మేరిక్ అనే కీటక శాస్త్రవేత్త పెట్టిన పేరు థోరిమియానే. ప్రజాతులు (పేరులో మొదటి మాట) మారీ మారీ 1994లో టూటా అయింది, 2021లో మళ్లీ పుట్టింటికి చేరింది. గెలెకిడే అనే చిమ్మటల కుటుంబం మాత్రం మారలేదు. మన పత్తి గులాబీ రంగు పురుగుదీ అదే కుటుంబం!

అప్పుడు మీరు చెప్పినట్టే, ఈ పురుగు పెరిగి అయ్యే చిమ్మట వెనక రెక్కను లెన్సు కింద చూశాను. కొస వేలులా పొడుచుకొచ్చి, కింద అంచు లోపలికి నొక్కుకుపోయి, చుట్టూ పొడవాటి కుచ్చు. కుటుంబం వరకు అది చాలు. జాతి ఖాయం చేయాలంటే జననాంగాలు కోసి చూడాలట. అంత ఓపిక నాకు లేదు బాబూ, ఆడపురుగు వాసనతో మగవాటిని పట్టే లింగాకర్షక బుట్టలో పడ్డవాటితోనే సరిపెట్టుకున్నా.