అప్‌డేట్: ఆ కెనడా గోల్‌కీపర్, ఆ కోచ్ ఒకరేనా? జవాబు దొరికింది

2006 ఎంఎల్ఎస్ కప్ (అమెరికా సాకర్ లీగ్ టైటిల్) ఫైనల్లో హ్యూస్టన్ డైనమో జట్టుకు ఆడిన కెనడా గోల్‌కీపర్, తర్వాత అదే లీగ్‌లోని డీసీ యునైటెడ్‌కి అసిస్టెంట్ కోచ్ ఒకరేనా అని ఇక్కడ అడిగాను. ఒకరే, ప్యాట్ ఆన్‌స్టాడ్. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

పెనాల్టీల వీడియో చూడమన్న సలహాతోనే పని జరిగింది. న్యూ ఇంగ్లండ్ జట్టుతో మ్యాచ్ 1-1, పెనాల్టీ షూటౌట్లో 4-3తో హ్యూస్టన్ గెలుపు. ఆఖరి కిక్ న్యూ ఇంగ్లండ్ ఆటగాడు జే హీప్స్‌ది, ఆన్‌స్టాడ్ ఆపేశాడు. అప్పటికి 38 ఏళ్లు! ఎన్నిసార్లు చూసినా ఒళ్లు పులకరిస్తోంది. అంతకుముందు 2003లో శాన్ హోజే జట్టు తరఫున ఇదే కప్పు, అదే ఏడు ఉత్తమ గోల్‌కీపర్ అవార్డు కూడా ఇతనివే.

కెనడా గెలిచిన 2000 గోల్డ్ కప్ (ఉత్తర అమెరికా దేశాల టోర్నీ) వైపు వెతకమన్నారు కొందరు. అప్పుడు కెనడా హీరో మరో గోల్‌కీపర్, క్రెయిగ్ ఫారెస్ట్.

2010 సీజన్ తర్వాత డైనమోని వదిలి డీసీలో కోచింగ్‌లోకి వచ్చాడు, ఆపై కొలంబస్ క్రూ జట్టులో పనిచేశాడు. 2021 చివర్లో జనరల్ మేనేజర్‌గా మళ్లీ హ్యూస్టన్‌కే చేరాడు. 2023లో డైనమో యూఎస్ ఓపెన్ కప్ (అమెరికా క్లబ్బుల నాకౌట్ టోర్నీ) గెలిచింది ఇతని హయాంలోనే. హ్యూస్టన్‌లో ఉండే మనవాళ్లు ఈ పేరు వినే ఉంటారు.